టీనేజీ పిల్లలు తామెవరో తెలుసుకునే వయసులో తల్లిదండ్రులు తోడుగా ఉండడం ఎలా

పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి అంతవరకూ మన వెంటే తిరిగిన పిల్లలు గది తలుపు వేసుకోవడం మొదలుపెడతారు, పండుగకు కుట్టించిన బట్టలు వద్దంటారు, నిన్నటిదాకా డాక్టరునవుతానన్న నోటితోనే ఇవాళ వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానంటారు. చాలా ఇళ్లలో దీనికి ‘మాట వినడం లేదు’ అని ఒక్క ముక్కలో పేరు పెట్టి ఊరుకుంటారు. ఆ వయసు అసలు పనే అది అని, ‘నేనెవరిని, ఏమి కాదలచుకున్నాను’ అన్న ప్రశ్నకు సొంత సమాధానం కూర్చుకోవడమే అప్పటి ముఖ్యమైన శ్రమ అని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ గత శతాబ్దం మధ్యకాలంలో వివరించాడు. 1966లో జేమ్స్ మార్షియా అనే మనస్తత్వవేత్త ఆ ఆలోచనను రెండు ప్రశ్నలుగా విడదీశాడు. ఈ పిల్లవాడు రకరకాల దారులు పరికించి చూశాడా? చూసి ఏదో ఒకదానికి కట్టుబడ్డాడా? ఈ రెండింటికీ వచ్చే జవాబులను బట్టి నాలుగు స్థితులు ఏర్పడతాయి. వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు అన్నది ఒకటి. వెతుకుతున్నాడు కానీ ఇంకా తేల్చుకోలేదు అన్నది మరొకటి. వెతికి తేల్చుకున్నది మూడోది. నాలుగోది, వెతకకుండానే ఎవరో చెప్పినదానికి కట్టుబడిపోవడం.

తెలుగు ఇళ్లలో మనం మెచ్చుకునే బిడ్డ చాలాసార్లు ఈ నాలుగో స్థితిలో ఉంటాడు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ సెక్షనులో చేరి, పదో తరగతి కాగానే ఎంపీసీ అని, ఆ తర్వాత కంప్యూటర్ సైన్సు అని, ఆపైన అమెరికాలో ఎమ్మెస్ అని గడగడా చెప్పే పిల్లవాడిని చూసి ‘వీడికి స్పష్టత ఉంది’ అని మురిసిపోతాం. ఆ స్పష్టత తనదో, ఇంట్లో పదేపదే విన్నదో ఆరా తీయము. ఎదురు చెప్పి, గొడవ పెట్టుకుని, వారానికొక మాట మార్చే బిడ్డకన్నా ఈ నెమ్మదైన బిడ్డ గురించే ఎక్కువ శ్రద్ధ తీసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే వాయిదా పడ్డ ఆ వెతుకులాట ఇరవై రెండేళ్లకో ఇరవై ఎనిమిదేళ్లకో, చదువు మీదా పెళ్లి మీదా చాలా పెట్టుబడి పెట్టేసిన తర్వాత మొదలైతే దానికి చెల్లించవలసిన ధర పెద్దది.

కాబట్టి ఈ వయసులో పెద్దల పని బిడ్డ ప్రశ్నకు తామే జవాబు చెప్పేయడం కాదు. బిడ్డ ఒక దారిని ప్రయత్నించి చూడడానికి, సరిపడకపోతే వెనక్కి రావడానికి అయ్యే ఖర్చును వీలైనంత తగ్గించడం. కింద చెప్పిన పనులన్నీ ఆ ఒక్క ఉద్దేశంతో చేయవలసినవి.

1. ముందు ఇంట్లో పెద్దలు కూర్చుని, గొడవలను మూడు వరుసలుగా విడదీయండి

బిడ్డతో మాట్లాడే ముందు తల్లీ తండ్రీ, ఇంట్లో నాయనమ్మ తాతయ్యలు ఉంటే వారు కూడా, ఒక కాగితం తీసుకుని గత నెలలో ఏయే విషయాల మీద ఇంట్లో గొంతులు లేచాయో రాయండి. జుట్టు, చిరిగిన జీన్సు, చెవిపోగు, గుడికి రాననడం, రాత్రి పదకొండు దాటినా ఫోను, ట్యూషను మానేస్తాననడం, ఫలానా స్నేహితుడు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటో, మాంసం మానేయడం, హీరో అభిమాన సంఘం ఊరేగింపు, ఏదైనా సరే రాయండి.

తర్వాత ఒక్కొక్కదానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది తప్పని తేలితే వెనక్కి తీసుకోవడానికి ఏమవుతుంది? జుట్టు పెరుగుతుంది, బట్టలు మారతాయి, పాటల అభిరుచి ఆరు నెలల్లో ఇంకోలా ఉంటుంది. ఇవన్నీ మొదటి వరుస, వీటిలో బిడ్డదే నిర్ణయం. ఇంటర్‌లో తీసుకునే గ్రూపు, హాస్టలు, ఒక కళనో ఆటనో పూర్తిగా మానేయడం వంటివి రెండో వరుస. వీటిలో వెనక్కి రావచ్చు గానీ ఏడాదో డబ్బో పోతుంది కనుక కలిసి నిర్ణయించాలి. లైసెన్సు లేకుండా బండి నడపడం, గంజాయి, తనకు తాను గాయం చేసుకోవడం, వ్యక్తిగతమైన ఫొటోలు ఎవరికైనా పంపడం, పెద్దవయసు అపరిచితులతో రహస్య పరిచయం వంటివి మూడో వరుస. ఇక్కడ పెద్దలు గట్టిగా నిలబడాలి.

ఈ కాగితం రాసినప్పుడు చాలామందికి కనబడేది ఏమిటంటే, గొడవల్లో ఎక్కువ భాగం మొదటి వరుసవే. జుట్టు మీద రోజూ యుద్ధం చేసిన ఇంట్లో, మూడో వరుస విషయం నిజంగా వచ్చిన రోజున బిడ్డ చెవికి అది కూడా మరో జుట్టు గొడవలాగే వినబడుతుంది. మొదటి వరుసను వదిలేయడం ఓడిపోవడం కాదని తల్లిదండ్రులిద్దరూ ముందే ఒప్పుకోవాలి. ఒకరు వదిలేసి మరొకరు పట్టుకుంటే బిడ్డ ఇద్దరి మధ్యా తిరుగుతూ, మెత్తగా ఉన్నవారితో నిజమూ, గట్టిగా ఉన్నవారితో అబద్ధమూ చెప్పడం నేర్చుకుంటాడు.

ఇంట్లో ఆడపిల్ల, మగపిల్లవాడు ఇద్దరూ ఉంటే ఇద్దరికీ వేరువేరుగా ఈ వరుసలు రాసి పక్కపక్కన పెట్టి చూడండి. తమ్ముడికి మొదటి వరుసలో ఉన్న విషయం అక్కకు మూడో వరుసలో కనిపిస్తే, దానికి కారణం ప్రమాదమా, లేక నలుగురూ ఏమనుకుంటారో అన్న భయమా అన్నది నిజాయితీగా తేల్చుకోవాలి.

2. అడిగే వేళనూ, అడిగే తీరునూ మార్చండి

ఎదురుగా కూర్చోబెట్టి ‘నీ సంగతేమిటి, జీవితంలో ఏమవుదామనుకుంటున్నావు’ అని అడిగితే ఏ బిడ్డా నోరు విప్పడు. బండి మీద వెళ్తున్నప్పుడు, కూరగాయలు తరుగుతున్నప్పుడు, రాత్రి డాబా మీద నడుస్తున్నప్పుడు, అంటే ఇద్దరి చూపూ మరోవైపు ఉన్నప్పుడు, మాట సులభంగా వస్తుంది. బడి నుంచి ఇంటికి వచ్చిన మొదటి అరగంటలో మార్కుల ప్రశ్న, హోంవర్కు ప్రశ్న వేయకండి. తిననివ్వండి, ఊరికే ఉండనివ్వండి.

‘ఎందుకు’ అనే ప్రశ్న ఈ వయసు పిల్లలకు నేరారోపణలా తగులుతుంది. ‘ఆ పాటలు ఎందుకు వింటావురా’ అనేదానికి బదులు ‘ఆ పాటలో నీకు నచ్చిన చోటు ఏది, ఒకసారి పెట్టు, నేనూ వింటాను’ అనండి. ‘ఎందుకు రానంటున్నావమ్మా గుడికి’ అనేదానికి బదులు ‘అక్కడ నీకు ఏది ఇబ్బందిగా ఉంటోందమ్మా’ అనండి. జవాబు వచ్చాక దానిని సరిదిద్దే తొందర వద్దు. బిడ్డ చెప్పినదానిని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి, ‘ఇదేనా నువ్వన్నది’ అని అడిగితే చాలు. పెద్దమ్మ కొడుకు ర్యాంకు, పక్కింటి అమ్మాయి సీటు ఆ సంభాషణలోకి వచ్చాయంటే అది అక్కడితో ముగిసినట్టే. బిడ్డ తానేమిటో చెప్పబోతున్న క్షణంలో మనం ఇంకెవరినో చూపించాం.

హాస్టలులో ఉన్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేను, పదహారేళ్ల పిల్లలు అనేకులు రెసిడెన్షియల్ కాలేజీలలో, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్ల మధ్య ఉంటారు. తనకేది ఇష్టమో ఆలోచించుకునే ఖాళీ సమయమే వారి దినచర్యలో ఉండదు. వారానికొకసారి దొరికే కొద్ది నిమిషాల ఫోనులో చాలామంది తల్లిదండ్రులు ‘వీకెండ్ టెస్టులో ఎంత వచ్చింది’ అని మొదలుపెట్టి ‘డబ్బు కట్టాం, గుర్తుంచుకో’ అని ముగిస్తారు. ఆ కాస్త సేపూ మార్కుల ఊసు లేకుండా గడపండి. మార్కులు కాలేజీవారు మెసేజీలో ఎలాగూ పంపుతారు. ‘ఈ వారం నిన్ను నవ్వించినది ఏమిటి’, ‘నీ రూములో ఎవరితో బాగా కుదిరింది’, ‘అన్నం సరిగ్గా సహిస్తోందా’ అని అడగండి. ఔటింగ్ రోజున చూడటానికి వెళ్లినప్పుడు టిఫిను క్యారియరుతోపాటు బిడ్డ ఇంట్లో వదిలేసిన స్కెచ్ పుస్తకమో క్రికెట్ బంతో కూడా పట్టుకెళ్లండి. అక్కడ అనుమతించకపోయినా, మీరు దానిని మరిచిపోలేదన్న సంగతి బిడ్డకు తెలుస్తుంది.

3. గదికీ ఫోనుకూ రాతపూర్వకమైన ఒప్పందం పెట్టుకోండి

ఒంటరిగా ఉండే చోటు లేకుండా ఎవరూ తమను తాము తెలుసుకోలేరు. రెండు గదుల ఇంట్లో బిడ్డకు ప్రత్యేక గది ఇవ్వలేకపోవచ్చు గానీ, ఎవరూ తెరవని ఒక అరనో, తాళం వేసుకునే పెట్టెనో, సాయంత్రం ఒక గంటసేపు డాబానో ఇవ్వడం ఎవరికైనా సాధ్యమే. డైరీ చదవకూడదు. చదివి, అందులోని విషయాన్ని గొడవలో బయటపెట్టడం ఇంకా పెద్ద తప్పు; ఆ తర్వాత బిడ్డ రాయడం మానేస్తాడు, లేదా మీరు చదవడం కోసమే రాస్తాడు.

ఫోను సంగతి వేరు, అందులో అవతలి మనుషులు ఉంటారు కనుక. బిడ్డతో కలిసి ఒక పేజీలో నిబంధనలు రాయండి: రాత్రి ఏ వేళకు ఫోను హాలులో చార్జింగుకు పెట్టాలి, ఏ యాప్‌లు ఉండవచ్చు, ఏ పరిస్థితిలో తల్లిదండ్రులు చూడవచ్చు. రాత్రి నిబంధన పెద్దలకూ వర్తించాలి. యౌవనంలో శరీరపు గడియారం వెనక్కి జరిగి నిద్ర ఆలస్యంగా రావడం సహజమే అయినా, వారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. ఫోను పడకలో ఉంటే ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. దొంగచాటుగా తెరిచి చూడకండి. చూడవలసినంత అనుమానం కలిగితే, ‘నాకు భయంగా ఉంది, ఈ కారణం వల్ల నీ ముందే చూస్తాను’ అని చెప్పి చూడండి.

ఒక్క మాట మాత్రం ముందుగానే, ఏ గొడవా లేని రోజున, బిడ్డకు చెప్పి ఉంచాలి: ‘ఎవరైనా నీ ఫొటోతో నిన్ను బెదిరిస్తే, తప్పు ఎవరిదైనా సరే, మొదట నా దగ్గరికి రా; ఆ రోజు నేను తిట్టను.’ ఆ రోజు వస్తే మాట నిలబెట్టుకోండి. బెదిరించినవాడికి డబ్బు పంపకుండా, సందేశాలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచి, సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైను 1098 కూడా ఉంది.

4. ఇంటర్ గ్రూపు ఎంపికను ఒక రోజు పని కాకుండా, తొమ్మిదో తరగతి చివరి నుంచే ఒక ప్రయోగంగా నడపండి

మన దగ్గర బిడ్డ గుర్తింపు వెతుకులాటకు మొదటి పెద్ద అడ్డుకట్ట పదిహేనేళ్లకే పడుతుంది. పదో తరగతి ఫలితాలకు ముందే కాలేజీల తరఫున విద్యార్థులను చేర్పించే పీఆర్వోలు ఇంటికి వచ్చి ఫీజు తగ్గింపు చెబుతారు, అడ్వాన్సు కట్టించుకుంటారు, ఎంపీసీయా బైపీసీయా అన్న రెండు ముక్కల్లో ఒక మనిషి భవిష్యత్తు ఖరారవుతుంది. ఆ తొందరకు లొంగకుండా ఉండాలంటే మీరు వారికన్నా ముందు మొదలుపెట్టాలి.

తొమ్మిదో తరగతి వేసవిలో, బిడ్డ పేరు చెప్పిన ప్రతి వృత్తికీ ఆ పని చేస్తున్న ఒక మనిషిని, మీ బంధువుల్లోనో కాలనీలోనో వెతకండి. డాక్టరు కావాలంటే డాక్టరుతో పాటు ఒక నర్సుతోనూ, ఒక ల్యాబ్ టెక్నీషియనుతోనూ మాట్లాడించండి. అడగవలసిన ప్రశ్న ‘జీతమెంత’ అన్నది కాదు. ‘నిన్న ఉదయం నుంచి రాత్రి దాకా మీరు ఏమేమి చేశారు’ అన్నది. వృత్తుల పేర్లకు ఆకర్షితులైన పిల్లలు ఆ దినచర్య విన్నాక తామే మనసు మార్చుకుంటారు, లేదా ఇంకా గట్టిపడతారు. ఏది జరిగినా మంచిదే.

తర్వాత పూర్తి పట్టిక ముందు పెట్టండి. ఎంపీసీ, బైపీసీలతో పాటు ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్), సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) కూడా ఇంటర్ గ్రూపులే. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరినవారు తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లవచ్చు. బాసరలోనూ, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళాలలోనూ ఉన్న ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతో ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటాయి. రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలలోనూ పదో తరగతి తర్వాత డిప్లొమాలు ఉన్నాయి. అయిదేళ్ల న్యాయశాస్త్ర కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. బొమ్మలు వేసే పిల్లలకు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఈ పేర్లలో సగం కూడా వినకుండానే మన పిల్లలు ‘నాకు ఎంపీసీ ఇష్టం’ అంటున్నారంటే, వారి ఇష్టం ఎన్ని పేర్ల మధ్య నుంచి వచ్చిందో చూసుకోవాలి.

ఒక్కో దారికీ ఎదురుగా ‘ఇక్కడి నుంచి ఎటు మళ్లవచ్చు’ అనే గడి ఒకటి గీయండి. ఎంపీసీ చదివినవారు తర్వాత న్యాయశాస్త్రానికీ, డిజైనుకూ, బీఏకూ మళ్లగలరు. బైపీసీలో లెక్కలు ఉండవు కనుక అక్కడి నుంచి ఇంజనీరింగులోని చాలా శాఖలకు దారి ఉండదు. ఇంకా ఏమీ తేల్చుకోలేని బిడ్డకు ఎక్కువ తలుపులు తెరిచి ఉంచే గ్రూపు తీసుకోవడం తెలివైన పనే. అయితే అది ‘నీకు తెలియదు కాబట్టి నేను చెప్పింది చెయ్యి’ అనడం కాదని, వెతకడానికి ఇంకో రెండేళ్లు కొనుక్కోవడమని బిడ్డకు స్పష్టంగా చెప్పాలి. లెక్కలంటే ఏడుపు వచ్చే పిల్లవాడికి ఈ సూత్రం కూడా పనికిరాదు.

మీరు కట్టగలిగే ఫీజు ఎంతో దాచకుండా చెప్పండి. ‘నీ ఇష్టం నాన్నా’ అని చెప్పి, తీరా ఎంచుకున్నాక డబ్బు లేదనడం కన్నా, హద్దులు ముందే చూపించి వాటిలోపల స్వేచ్ఛ ఇవ్వడం న్యాయం.

5. శరీరం గురించి, ఆకర్షణ గురించి మొదటి మాట మీరే మాట్లాడండి

అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు బంధువులను పిలిచి వేడుక చేయడం, తర్వాత ఓణీల ఫంక్షను చేయడం మన ప్రాంతాలలో ఇప్పటికీ ఉంది. కొందరు పిల్లలు పట్టుచీరలూ ఫొటోలూ ఇష్టంగా చేయించుకుంటారు. కొందరికి తమ శరీరంలో జరిగిన రహస్యమైన మార్పును ఫ్లెక్సీ కట్టి ఊరంతా చాటినట్టు ఉంటుంది. కార్డులు అచ్చు వేయించే ముందు అమ్మాయిని అడగండి. వద్దంటే, కట్నాలూ చదివింపులూ తిరిగి రావలసిన లెక్కలు ఎన్ని ఉన్నా, మానేయండి. అబ్బాయిల విషయంలో ఈ మార్పుల గురించి ఎవరూ ఏమీ చెప్పరు; గొంతు మారినప్పుడు నవ్వుతారు, అంతే. తండ్రో మేనమామో కూర్చోబెట్టి మామూలు గొంతుతో చెప్పవలసిన పని అది.

ఏదో ఒక రోజు బిడ్డ మీ దగ్గరకు వచ్చి, తనకు తనలాంటి వారంటేనే ఆకర్షణ కలుగుతోందనో, పుట్టుకతో రాసిన ఆడ, మగ అన్న గుర్తు తనకు సరిపోవడం లేదనో చెప్పవచ్చు. ఆ మాట చెప్పడానికి ఆ బిడ్డ ఎన్నాళ్లు ధైర్యం కూడగట్టుకుని ఉంటుందో ఊహించండి. మొదటి అయిదు నిమిషాల్లో మీరు చేయవలసినది రెండే: ‘నాకు చెప్పినందుకు మంచి పని చేశావు’ అనడం, ‘ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది నీ ఇష్టం, నేను ఎవరికీ చెప్పను’ అనడం. మీకు అర్థం కాకపోవచ్చు. అర్థం చేసుకోవడానికి సమయం కావాలని నిజాయితీగా అడగవచ్చు. చేయకూడనిది, ‘మార్పిస్తాం’ అనేవారి దగ్గరికి పరుగెత్తడం. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయసు వచ్చినవారి మధ్య సమ్మతితో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పునిచ్చింది. అలా మార్పించే చికిత్సలను 2022లో జాతీయ వైద్య కమిషన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పేర్కొంది.

6. కులం, ఊరు, భాష: బిడ్డకు గర్వం ఇవ్వడానికి ముందు చరిత్ర ఇవ్వండి

తాను ఏ గుంపుకు చెందుతాడన్న ప్రశ్న లేకుండా ఏ తెలుగు బిడ్డ వెతుకులాటా పూర్తి కాదు. ఇంట్లో ఎప్పుడూ ఎత్తని కులం మాట హాస్టలులో ఇంటిపేరు అడిగిన మొదటి రోజునే బిడ్డకు ఎదురవుతుంది. ఆ తర్వాత రీల్సులో, బైకు వెనక స్టిక్కర్లలో, హీరోల అభిమానుల తగాదాలలో కనిపిస్తూనే ఉంటుంది. సొంత గుర్తింపు ఇంకా గట్టిపడని వయసులో తయారుగా దొరికే గుంపు గుర్తింపు చాలా తేలికగా అతుక్కుంటుంది. ‘ఆ మాటలు మనకెందుకు’ అని మూసేస్తే బిడ్డ జవాబును ఫోనులో వెతుక్కుంటాడు.

దీనికి ఒక పని పెట్టండి. నాయనమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి బిడ్డ చేత ప్రశ్నలు అడిగించండి: మన ఇంటిపేరు ఏ ఊరిది, ముత్తాతలు ఏ పని చేసేవారు, భూమి ఎలా వచ్చింది లేదా ఎలా పోయింది, మన వీధిలోకి ఎవరిని రానిచ్చేవారు కారు, మనల్ని ఎవరు రానిచ్చేవారు కారు, ఆడవాళ్లలో మొదట చదువుకున్నది ఎవరు? జవాబులను ఫోనులో రికార్డు చేయించండి. ఇబ్బందికరమైన జవాబులు వస్తాయి. వాటిని సర్దిచెప్పి అందంగా మార్చకండి. వివక్షను చవిచూసిన కుటుంబమైతే, బడిలో అవమానం ఎదురైనప్పుడు ఆ తప్పు తనది కాదని, దానిని ఎవరితో ఎలా చెప్పాలో బిడ్డకు ముందే తెలియాలి. పైచేయిగా ఉన్న కుటుంబమైతే, తనకు దక్కినదంతా తన ప్రతిభే అనుకోకుండా ఉండడానికి ఈ కథ పనికి వస్తుంది.

విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. బడిలో పేరు పలకలేక కుదించిన మాస్టారు ఒకవైపు, సెలవులకు ఇండియా వచ్చినప్పుడు ఉచ్చారణకు నవ్వే మేనత్తలు మరోవైపు ఉంటారు. అతిథుల ముందు నిలబెట్టి ‘తెలుగులో ఒక పద్యం చెప్పు’ అనకండి; భాషను పరీక్షగా మారిస్తే బిడ్డ ఆ పరీక్ష నుంచి తప్పుకుంటాడు. అమ్మమ్మతో వారానికొకసారి ఫోనులో వంట గురించి తప్పులతడక తెలుగులో మాట్లాడడం అంతకన్నా ఎంతో మేలు. ‘నేను అమెరికన్‌ని’ అని ఒక రోజు, ‘నేను తెలుగువాడిని’ అని ఇంకో రోజు అంటే రెండూ నిజమే అనుకోండి.

7. బంధువులకు మీరే అడ్డు నిలవండి

పెళ్లిళ్లలో, గృహప్రవేశాలలో వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే అనుకుని వెళ్లండి. ‘ఆ జుట్టేమిట్రా’ అంటే ‘వాడికి నచ్చింది పిన్నీ, మీరు భోజనం చేశారా’ అనండి. ‘ఆర్ట్సా, అబ్బాయికి మార్కులు రాలేదా’ అంటే ‘వచ్చాయి బాబాయ్, వాడే ఎంచుకున్నాడు’ అనండి. అక్కడ నవ్వి ఊరుకుని ఇంటికొచ్చి ‘నీ వల్ల తల దించుకోవలసి వచ్చింది’ అన్నారంటే, ఇన్నాళ్లూ మీరు ఇచ్చిన భరోసా అంతా ఆ ఒక్క మాటతో పోతుంది.

8. వెతుకులాటకూ అనారోగ్యానికీ తేడా గమనించండి

మారే అభిప్రాయాలు, తలుపు వేసుకోవడం, చిరాకు వయసు లక్షణాలే. అయితే రెండు వారాలకు మించి నిద్రగానీ తిండిగానీ బాగా మారిపోవడం, ఇష్టమైన ఆటనూ స్నేహితులనూ కూడా వదిలేయడం, చేతుల మీద గీతలు, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టేయడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాటలు కనిపిస్తే అది వెతుకులాట కాదు. అప్పుడు సూటిగానే అడగాలి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి చెప్పుకునే వీలు కలుగుతుంది. అవునంటే బిడ్డను ఒంటరిగా వదలకండి, ఇంట్లోని పురుగుమందులనూ మాత్రలనూ తాళం వేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున ఎవరో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. తప్పిన సబ్జెక్టులకు కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి, ఏడాది వృథా కాదు అన్న సంగతి ఫలితాల తర్వాత కాదు, అంతకు ముందు వారమే మాటల్లో చెప్పి ఉంచండి.

9. బిడ్డ మనసు మార్చుకున్నప్పుడు

ఇన్ని చేసినా ఒక రోజు బిడ్డ వచ్చి, ఏరి కోరి చేరిన కోర్సు తనది కాదనవచ్చు. ఆ రోజున ‘నువ్వే కదా కావాలన్నావు’ అన్న మాట నాలుక చివర ఉంటుంది; దానిని అక్కడే ఆపండి. ఆ మాట విన్న బిడ్డ తరువాతి సారి వెనక్కి రావడానికి భయపడి, సరిపడని చోటనే ఏళ్లు గడుపుతాడు.

వెంటనే అవుననీ కాదనీ చెప్పకుండా నెల రోజుల గడువు పెట్టుకోండి. ఆ నెలలో బిడ్డ తరగతులకు వెళ్తూనే మూడు విషయాలు రాయాలి: సరిపడనిది సబ్జెక్టా, ఆ కాలేజీనా, లేక ఒక అధ్యాపకుడో రూమ్మేటో, మారితే ఎక్కడికి, దానికి ఎంత ఖర్చు, ఎంత కాలం. సమస్య కాలేజీదైతే గ్రూపు మార్చనక్కరలేదు, చోటు మారిస్తే చాలు. ఎవరైనా వేధిస్తున్నారని తేలితే నెల దాకా ఆగకుండా ముందు దాని సంగతి చూడండి. సబ్జెక్టే అయితే, నెల తర్వాత కూడా బిడ్డ అదే మాట మీద ఉంటే, మార్పించండి.

మార్చేటప్పుడు కాగితాల పని బిడ్డ చేతే చేయించండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో అసలు ప్రతులు కాలేజీ నుంచి తిరిగి తీసుకోవడానికి దరఖాస్తు తనే రాయాలి, ఆఫీసులో తనే మాట్లాడాలి, మీరు పక్కన నిలబడాలి. కట్టిన ఫీజులో ఎంత తిరిగి వస్తుందో చేరినప్పటి రసీదు, దరఖాస్తు వెనుక ఉన్న షరతులు చూసి లెక్క వేయండి. పోయిన డబ్బు ఎంతో బిడ్డకు ఒక్కసారి చెప్పండి, ఆ తర్వాత ఇంట్లో ఆ లెక్క మళ్లీ ఎత్తకండి.